బూస్ట్ పెంచాక బండి తడబడుతోందా? ముందు పెట్రోల్ ప్రెజర్ చూడండి

రీమ్యాప్ చేయించి (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి) బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచిన చిన్న టర్బో కార్లలో ముందుగా చేతులెత్తేసేది చాలాసార్లు పెట్రోల్ సరఫరానే. ఇక్కడ రాస్తున్నది పోర్ట్ ఇంజెక్షన్ (గాలి దారిలోనే పెట్రోల్ చల్లే) బండ్ల గురించి. డైరెక్ట్ ఇంజెక్షన్ (నేరుగా సిలిండర్‌లోకి చల్లేది) అయితే హై ప్రెజర్ పంపు జోలికి ఇంటి దగ్గర పోవద్దు, అందులో ఒత్తిడి వంద బార్లు దాటుతుంది.

సమస్య: ఫుల్ త్రాటిల్‌లో 4,500 ఆర్‌పీఎం దాటగానే కుదుపు

నాకిది భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే మొదలైంది. "ఇంజెక్టర్లు చాలడం లేదు సామీ, పెద్దవి వేసేద్దాం" అన్నాడు మెకానిక్. వేశాం. కుదుపు అలాగే ఉంది, పైగా ఐడిల్ కూడా చెడింది. చివరికి మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు ప్లగ్ దగ్గర 11.6. అంతకుముందే వేయించిన పెద్ద పంపు ఎక్కువ కరెంటు లాగుతోంది, కంపెనీ వైరేమో సన్నం. వోల్టేజీ తగ్గితే పంపు తోసే పెట్రోలూ తగ్గుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేతో లావు వైరు లాగి, ఎర్త్ కూడా కొత్తది వేశాక కుదుపు పోయింది. ఇంజెక్టర్ల డబ్బులు దండగ.

కాబట్టి ఏదీ కొనకముందే రైలుకు (ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టానికి) ప్రెజర్ సెన్సర్ తగిలించండి. పెట్రోల్ ఉన్న గొట్టాన్ని క్యాబిన్‌లోకి తేకూడదు, వైరు మాత్రమే రావాలి. పక్కన గాలి, పెట్రోల్ పాళ్లు చూపే వైడ్‌బ్యాండ్ మీటర్ కూడా ఉండాలి. లోడ్‌లో ప్రెజర్ పడిపోతుంటే ఫిల్టరు, వైరు, పంపు ఈ వరసలో చూడండి. ప్రెజర్ నిలబడినా మిక్స్చర్ లీన్ అవుతుంటే (గాలికి తగ్గ పెట్రోల్ లేకపోతే), ఇంజెక్టర్ డ్యూటీ (తెరిచి ఉండే సమయం) 90 శాతం దాటితే అప్పుడు పెద్ద ఇంజెక్టర్లు. ప్రెజర్, మిక్స్చర్ రెండూ బాగుంటే తప్పు పెట్రోల్‌ది కాదు, స్పార్క్ ప్లగ్ గ్యాప్ తగ్గించి చూడండి. మీటర్ లీన్ చూపిస్తుంటే మాత్రం వెంటనే కాలు తీసేయండి. ఇంకోసారి తొక్కి చూద్దామనుకుంటే పిస్టన్ కరిగిపోవచ్చు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది. రిటర్న్ లైను (మిగిలిన పెట్రోల్‌ను రైలు నుంచి ట్యాంకుకు తిప్పి పంపే గొట్టం) లేని బండిలో రైలు ప్రెజర్ ఒకేచోట, ఉదాహరణకు 3.5 బార్ దగ్గరే ఉంటుంది. మ్యానిఫోల్డ్‌లో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో) 1 బార్ బూస్ట్ ఉంటే ఇంజెక్టర్‌కు నికరంగా దక్కేది 2.5 మాత్రమే. రిటర్న్ లైను వేసి, బూస్ట్‌తో పాటు ప్రెజర్ పెంచే రెగ్యులేటర్ పెడితే ఈ లోటు తీరుతుంది. కానీ అప్పుడు పంపు 4.5 బార్ దగ్గర ఎంత పోస్తుందో చూసి కొనాలి. డబ్బా మీద రాసిన లీటర్లు తక్కువ ప్రెజర్ దగ్గరివి కావచ్చు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మామూలు పెట్రోల్‌కు గాలి నిష్పత్తి (కిలో ఇంధనానికి కిలోల గాలి) 14.7 అయితే దీనికి దాదాపు 13.5. అంటే అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి.

సమస్య: పెద్ద ఇంజెక్టర్లు వేశాక ఐడిల్ ఊగడం, నల్ల పొగ

ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) కొత్త ఫ్లో, డెడ్ టైమ్ (ఇంజెక్టర్ తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) విలువలు ఎక్కించలేదన్నమాట. ఇంజెక్టర్లతో పాటు ఆ డేటా షీటు ఇవ్వని చోట కొనకండి.

సమస్య: ఎండలో ఆపి తీస్తే స్టార్ట్ కాకపోవడం

మే నెలలో అలిపిరి తనిఖీ లైన్లో ఇంజిన్ ఆపి, మళ్లీ తాళం తిప్పితే చాలాసేపు తిరిగి గానీ అంటుకోదు. ఇంజిన్ ఆపాక ప్రెజర్ ఎంతసేపు నిలుస్తుందో చూడండి. నిమిషాల్లోనే సున్నాకు వస్తే పంపులోని చెక్ వాల్వ్ (పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపేది) గానీ, కారే ఇంజెక్టర్ గానీ కారణం కావచ్చు. ప్రెజర్ నిలబడితే రైలులో ఆవిరి చేరి ఉండొచ్చు. గొట్టాలను టర్బో వేడికి దూరంగా జరిపి, హీట్ స్లీవ్ తొడగండి.

సమస్య: వంపుల్లో మాత్రమే తడబడటం

ట్యాంకులో పెట్రోల్ పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తోంది. పావు ట్యాంకు పైన ఉంచితే చాలు, సర్జ్ ట్యాంకు (పంపుకు ఎప్పుడూ పెట్రోల్ అందేలా పెట్టే చిన్న అదనపు ట్యాంకు) ఖర్చు అవసరం రాకపోవచ్చు. పరీక్ష కోసం తిరుమల ఘాట్ ఎక్కకండి, అక్కడ కొండ ఎక్కడానికి పట్టిన టైము లెక్క చూస్తారు.

సమస్య: పెట్రోల్ వాసన

దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు. అలాగే, ట్యాంకు లోపల మామూలు రబ్బరు గొట్టం వేస్తే ఉబ్బి, చీలుతుంది. లోపలికి ఎస్ఏఈ 30ఆర్10 రకమే వాడాలి. పని మొదలుపెట్టే ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ తనంతట ఆగేదాకా తిప్పి, బ్యాటరీ నెగెటివ్ తీసేయండి.