పెరటి గుమ్మంలో ఎవరో: ఫోనుతో ఏడు నిమిషాల దెయ్యం సినిమా తీయడం

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు కుర్రాళ్లు తీసే దెయ్యం షార్ట్ ఫిలింలకు తరచూ ఒకటే జబ్బు. జపాన్ సినిమాల నుంచి జుట్టు తెచ్చుకుంటారు, భయాన్ని అక్కడే వదిలేసి వస్తారు. మొహం మీద జుట్టు, తెల్ల చీర, ఢామ్మని ఒక చప్పుడు. చూసేవాడు ఉలిక్కిపడి, మరుక్షణం నవ్వేస్తాడు. జపాన్, కొరియా, థాయిలాండ్ సినిమాల్లో బాగా తీసినవి చూసేవాడి చేత వెతికిస్తాయి. ఎదురుగా ఉన్న గదిలో ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు, కళ్లు వాటంతటవే మూలలు గాలిస్తాయి. ఆ వెతుకులాటను మన ఊరి ఇంట్లో, ముగ్గురు మనుషులతో, ఒక ఫోనుతో ఎలా పుట్టించాలో చూద్దాం.

కథ: విడమరచి చెప్పనక్కర్లేని గుర్తు

ఏడు నిమిషాల్లో దెయ్యం పుట్టుపూర్వోత్తరాలు చెప్పే తీరిక ఉండదు. చూసేవాళ్లకు ముందే తెలిసిన ఆనవాయితీ ఒకటి పట్టుకోండి. పెద్దకర్మ నాడు పెట్టిన ముద్దను కాకి ముట్టలేదు. తెలుగింట్లో ఈ మాటకు వివరణ అక్కర్లేదు: పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలింది. విస్తరిలో ముద్ద, పక్కన నీళ్ల చెంబు, గోడ మీద కదలకుండా కాకి. కథ సగం అయిపోయింది. కాకిని, విస్తరిని ఒకే షాటులో పట్టాలని పంతం పట్టకండి. దూరంగా నాలుగు మెతుకులు చల్లి, ఫోనును స్టాండు మీద వదిలి లోపలికి పోతే కాకి దానంతటదే వస్తుంది. మనిషి కనబడితే రాదు.

కాన్పులో పోయిన ఆడమనిషి తిరిగొస్తుందన్న నమ్మకం ఆసియాలో చాలాచోట్ల ఉంది. ఒడియాలో చిరుగుణి, జపాన్‌లో ఉబుమే, ఇండోనేషియాలో కుంతిలానక్, థాయిలాండ్‌లో మే నాక్. బాంకాక్‌లోని వాట్ మహాబుత్ దగ్గర మే నాక్‌కు మందిరమే ఉంది. 1999లో వచ్చిన ‘నాంగ్ నాక్’ సినిమాలో యుద్ధం నుంచి వచ్చిన మొగుడు, పెళ్లాం పోయిందని తెలియక ఆమెతోనే కాపురం చేస్తాడు. ఆమె వంట చేస్తుంది, బిడ్డను ఎత్తుకుంటుంది. అందుకే మీ దెయ్యానికి పగ ఇవ్వకండి, పని ఇవ్వండి. ముగ్గు పెట్టడం, పిల్లకు జడ వేయడం, అన్నం వడ్డించడం. పని మామూలుది, వేళ కానిది.

మన సరిహద్దు ఇళ్లకే చెల్లే ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. కాపురానికి వచ్చిన కోడలికి ఒడియా ఒక్కటే వచ్చని మొదటి నిమిషంలోనే తేల్చండి. ఆమె పోయాక, రాత్రి వంటింట్లోంచి ఆమె గొంతు అచ్చ తెలుగులో “అత్తా, అన్నం పెట్టీమంటావేటి?” అని అడిగితే చాలు, మేకప్ ఖర్చు తప్పుతుంది. డైలాగు ఈ వైపు యాసలోనే ఉండాలి. పుస్తకాల తెలుగులో మాట్లాడే దెయ్యానికి ఎవరూ భయపడరు.

ఒక్కటి మాత్రం వద్దు: ఊళ్లో ఫలానా ముసలమ్మ చిల్లంగి (చేతబడి) పెట్టిందన్న కథ. ఈ జిల్లాల్లో ఆ అనుమానంతో నిజంగానే మనుషులను కొట్టి చంపారు. మంత్రగత్తె అని ముద్రవేసి హింసించడాన్ని అడ్డుకోవడానికి ఒడిశా 2013లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మీ వీడియో ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే ఎవరి ఇంటి మీదికి పోతుందో చెప్పలేం.

వేషం

జపాన్ దెయ్యం తెల్లబట్ట శవానికి తొడిగే బట్ట. అక్కడివాళ్లకు అందుకే ఒళ్లు జలదరిస్తుంది. ఇక్కడ తెల్ల చీర అనగానే విధవరాలు గుర్తొస్తుంది. భయం రాకపోగా, ఒకరిని కించపరిచినట్టు అవుతుంది. మరి మనవాళ్లు సుమంగళిగా పోయిన ఆవిడను ఎలా సాగనంపుతారు? ఒంటికి పసుపు, పెద్ద బొట్టు, మడత విప్పని కొత్త చీర. ఆ మడత గీతలు కనబడేలా కొత్త చీరను ఇస్త్రీ చేయకుండా కట్టించండి. శవానికి కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కడతారు కదా. గడప మీద ఉన్న పాదాల్లో ఒకదానికి తెగిన దారం వేలాడుతుంటే అంతకు మించిన దెయ్యం వేషం లేదు. ఆ షాటు రెండు సెకన్లు. అంతకు మించి ఉంచితే పాఠం చెప్పినట్టవుతుంది.

షూటింగుకు ముందు ఫోనులో బ్యూటీ ఫిల్టరు ఆపండి, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. లేకపోతే ఫోను ప్రతి షాటులోనూ రంగు దిద్దుకుంటూ పోయి పసుపు మొహాన్ని ఒకచోట తెల్లగా, ఒకచోట నారింజగా చూపిస్తుంది.

ఫ్రేము: వరస గుమ్మాల ఇల్లు

అందరూ పాడుబడ్డ కోటలూ శ్మశానాలూ వెతుకుతారు. అవి వద్దు, అక్కడ దెయ్యం ఉంటుందని చూసేవాడు ముందే సిద్ధపడి కూర్చుంటాడు. ఈ వైపు పాత పెంకుటిళ్లలో వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరసలో ఉంటాయి. వీధి అరుగు మీద నిలబడితే పెరట్లో నుయ్యి కనిపిస్తుంది. భయానికి ఇంతకన్నా మంచి సెట్టింగు డబ్బు పెట్టినా దొరకదు.

ఫోనును వసారాలో, నేల మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తున, అంటే సుమారు 80 సెంటీమీటర్ల దగ్గర పెట్టండి. 2ఎక్స్ లెన్సు వాడితే గుమ్మాలు ఒకదానిలోంచి ఒకటి తొంగిచూస్తున్నట్టు దగ్గరవుతాయి. ముందు గదిలో పిల్ల హోంవర్కు రాసుకుంటోంది. మూడో గుమ్మం దగ్గర, తలుపు చాటున సగం భుజం, సగం తల. షాటు 15 సెకన్లు. ఆ ఆకారం మధ్యలో నడిచి రాకూడదు, షాటు మొదలయ్యేసరికే అక్కడ ఉండాలి. పిల్ల అటు చూడకూడదు. జూమ్ వద్దు, సంగీతం వద్దు. తర్వాతి షాటులో అదే ఫ్రేము, గుమ్మం ఖాళీ. మొదటిసారి గమనించనివాడికి ఇప్పుడు ఏదో తగ్గిందనిపిస్తుంది.

ఇక్కడ చెడేది వెలుతురు. చీకట్లో నల్లటి ఆకారాన్ని పెడితే వాట్సాప్ కుదింపులో మొత్తం నల్ల మడ్డి అయిపోతుంది. ఆకారం వెనక పెరటి వెలుతురు ఉండాలి, ముందు నీడ ఉండాలి. మనిషి ఎత్తు ఫ్రేము ఎత్తులో పదో వంతుకు తగ్గకూడదు. పొద్దు వాలాక 20 నిమిషాల వెలుతురే దీనికి సరైనది, ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది. ఐఎస్ఓ, అంటే వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 800 దాటితే చిన్న ఫోన్లలో మచ్చలు వస్తాయి. నడిరాత్రి తీయాలన్న సరదా మానుకోండి.

ట్యూబులైటు కింద తీస్తే సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 30 ఫ్రేములు, 1/60 పెడితే తెర మీద చారలు పాకుతాయి.

నడక

1998లో హిదెయో నకాతా తీసిన జపాన్ సినిమా ‘రింగు’లో నూతిలోంచి వచ్చే దెయ్యం సడాకో నడక వెనకున్న కిటుకు ఇది: నటిని వెనక్కి నడిపించి తీశారు, ఆ షాటును తిరగేసి చూపించారు. అందుకే అడుగు పడేచోట పడదు, బరువు ఆలస్యంగా వస్తుంది.

మీరూ అదే చేయండి. నటి ఫోను ముందు నిలబడి, వెనక్కి వెనక్కి పెరటి దాకా వెళ్లాలి. ఎడిటింగులో రివర్స్ చేస్తే మన మీదికి వస్తుంది. ముందుగా ఎనిమిది పదిసార్లు నడిపించండి, గడపలు తట్టుకుని పడిపోయే ప్రమాదం ఉంది. ఫ్రేములో సొంతంగా కదిలేది ఇంకేదీ ఉండకూడదు. అగరువత్తి పొగ కిందికి దిగినా, ఎండుటాకు ఎగిరి కొమ్మకు అతుక్కున్నా, చూరు నీళ్లు పైకి పోయినా గుట్టు రట్టే. పైట చెంగును పిన్నుతో బిగించండి, విడిగా ఉంటే రివర్స్‌లో ముందుకు ఊగుతుంది. వేగం తగ్గించాలనుకుంటే 50 ఫ్రేముల్లో తీసుకోండి. 25లో తీసి సాగదీస్తే ఫ్రేములు ఇరుక్కుపోతాయి.

చప్పుడు

చప్పుడును బొమ్మ నుంచి విడదీయడం జపాన్‌వాళ్ల పాత విద్య. 1964 నాటి ‘క్వైదాన్’ సినిమాకు సంగీత దర్శకుడు తోరు తకెమిత్సు చెక్క చీలే చప్పుళ్లను వాడి, వాటిని తెర మీది కదలికలతో కావాలనే కలవకుండా పెట్టాడు. ‘జు-ఆన్’ అనే ఇంకో జపాన్ సినిమాలో దెయ్యం గొంతులోని గరగర కూడా యంత్రంతో పుట్టింది కాదు, దర్శకుడు తకాషి షిమిజు స్వయంగా గొంతుతో చేసిందే. నెట్‌లో దొరికే ఆడదాని కేక లక్ష వీడియోల్లో విన్నదే, దాన్ని ముట్టుకోకండి.

మన ఇంట్లోనే సరంజామా ఉంది. గొళ్లెం, రుబ్బురోలు, పెంకు జారిన చప్పుడు, నూతి గిలక. గిలకను ఇలా వాడండి. పగటి షాటులో నుయ్యి చూపించండి: మోటారు వేశారు, పైన జాలీ మూశారు, గిలక ఎప్పుడో తీసేశారు. రాత్రి షాటులో గిలక కిర్రుమంటుంది. ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

షూటింగు అయిన ప్రతి గదిలో ఒక నిమిషం ఊరకే గది చప్పుడు రికార్డు చేసుకోండి, ఫ్యాను ఆపి ఒకసారి, వేసి ఒకసారి. భయం రావాల్సిన చోటుకు 20 సెకన్ల ముందు నుంచి పొరలు తీయడం మొదలుపెట్టండి. ముందు పక్కింటి టీవీ, తర్వాత కీచురాళ్లు, చివర ఫ్యాను. పొర ఒక్కొక్కటీ రెండు మూడు సెకన్లు తీసుకుని తగ్గాలి, ఠక్కున ఆగితే ఎవరో కట్ చేశారని తెలిసిపోతుంది. అడుగున గది చప్పుడు మాత్రం ఉంచాలి. పూర్తిగా సున్నా చేస్తే చూసేవాడు ఫోను పాడైందేమోనని వాల్యూమ్ బటను నొక్కుతాడు.

గుండెలదిరే లోతైన గుర్రుమనే శబ్దం సినిమా హాలుకు పనికొస్తుంది. ఫోను స్పీకరులో 200 హెర్ట్జ్ కింద ఉన్నది దాదాపు వినబడదు.

సరిచూసుకోవడం

ఉలిక్కిపాటు ఒక్కటి చాలు. పిల్లి దూకడం లాంటి దొంగ ఉలిక్కిపాటు పెడితే కూడబెట్టిన బిగువంతా అక్కడే కారిపోతుంది.

కూర్పు అయ్యాక కథ తెలియని ఇద్దరికి చూపించండి, ఒకరు పెద్దవాళ్లయితే మేలు. మీరు తెరను చూడకండి, వాళ్ల కళ్లను చూడండి. మూడో గుమ్మం షాటులో ఇద్దరూ వెంటనే పట్టేస్తే ఆకారం మీద వెలుతురు ఎక్కువైంది, ఎడిటింగులో ఆ మూలను కాస్త ముదురు చేయండి. ఇద్దరూ పట్టలేకపోతే షాటును మూడు సెకన్లు పొడిగించండి. అప్పటికీ కనబడకపోతే ఆ షాటు మళ్లీ తీయాల్సిందే, ఈసారి నటిని గుమ్మానికి ఒక అడుగు ఇవతల నిలబెట్టి.