ఊరి బోర్లలో ఎన్ని నీళ్లున్నాయో మనమే లెక్కకట్టడం

కార్తీకం వచ్చేసరికి మా కదిరి వైపు ఎక్కడ విన్నా ఒకటే మాట: బోర్లు నిండాయి, ఈసారి వరి నాటేద్దాం. ఎంత నిండాయని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు. అది కొలవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక పొడవాటి స్టీలు టేపు, సుద్దముక్క, నోటుబుక్కు చాలు.

ముందు బోరు ఎంచుకోవాలి. మోటారున్న బోరులో టేపు దింపితే కేబుల్‌కు చుట్టుకుని కూర్చుంటుంది. వాడకుండా వదిలేసిన బోరో, పాత బావో మేలు. చుట్టుపక్కల మోటార్లు కూడా రాత్రంతా ఆగి ఉండాలి. ఆటో స్టార్టర్లు పెట్టుకున్నవాళ్లకు ముందురోజే చెప్పి పెట్టండి, లేకపోతే కరెంటు రాగానే అన్నీ మొదలవుతాయి.

టేపు చివర బరువు కోసం ఒక నట్టు కట్టి, కింది రెండు మీటర్లకు సుద్ద బాగా రుద్దండి. కేసింగ్ (బోరులో దించిన పైపు) అంచు దగ్గర సరిగ్గా 15 మీటర్ల గీత వచ్చేదాకా దింపి పైకి లాగండి. సుద్ద 1.3 మీటర్ల గీత దాకా తడిసిందనుకుందాం. 15లోంచి 1.3 తీస్తే 13.7. కేసింగ్ నేల మీదికి 0.6 మీటర్లు లేచి ఉంటే అదీ తీసేయాలి. నేల నుంచి నీటిమట్టం 13.1 మీటర్ల లోతున ఉన్నట్టు. మే చివర ఒకసారి, నవంబరులో ఒకసారి అవే బోర్లలో కొలవండి. ఊరంతటికీ ఒక్క బోరు సరిపోదు. మిట్టన కొన్ని, చెరువు కింద కొన్ని చూసుకోవాలి.

మే సగటు ఆ 13.1 మీటర్లే అయి, నవంబరులో సగటున 9.1 మీటర్లు వస్తే మట్టం 4 మీటర్లు పెరిగింది. జనం పొరబడేది ఇక్కడే. నాలుగు మీటర్లు పెరిగిందంటే నాలుగు మీటర్ల నీళ్లు కాదు. మన గరుసునేలలో, పగిలిన గ్రానైటులో మోటారుకు అందే నీళ్లు మొత్తం పరిమాణంలో 1 నుంచి 4 శాతమే. మిగతాదంతా రాయీ, దాన్ని అంటుకుని బయటికి రాని నీళ్లూ. 2 శాతం అనుకుంటే 4 మీటర్లకు దక్కేది 80 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు సుమారు 3.2 లక్షల లీటర్లు. వెయ్యి ఎకరాల ఊరికి 32 కోట్లు. వానాకాలంలో తోడేసింది దీనికి అదనం, కానీ అది అప్పటికే ఖర్చైపోయింది కాబట్టి రబీ లెక్కలో వద్దు.

32 కోట్లంటే కళ్లు చెదురుతాయి. కానీ రబీ వరికి 1200 మిల్లీమీటర్లు పెట్టారంటే ఒక్క ఎకరం మడి పదిహేను ఎకరాల నేల కింద చేరిన నీళ్లను తాగేస్తుంది. కొంత తిరిగి భూమిలోకి ఇంకుతుంది, నిజమే. అయినా 500 మిల్లీమీటర్లతో గట్టెక్కే వేరుశనగ ఉండగా వరి మీద ఆ మోజేమిటో!

ఇంతకీ ఆ 2 శాతం నిజమా? దాన్ని మీ ఊరే చెప్పాలి. జనవరి నుంచి మే దాకా వానలు పెద్దగా ఉండవు కాబట్టి మట్టం పడిపోవడానికి ముఖ్య కారణం మోటార్లే. 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. 100 సెకన్లయితే గంటకు 7,200 లీటర్లు. రోజుకు ఏడు గంటల చొప్పున 150 రోజులు 50 బోర్లు నడిస్తే దాదాపు 38 కోట్లు. అందులో తిరిగి ఇంకేది 15 శాతం తీసేస్తే 32 కోట్లు. మట్టం ఆ కాలంలో నాలుగు మీటర్లే పడితే మన 2 శాతం సరిపోయినట్టే. ఆరు మీటర్లు పడితే మీ రాయి ఇంకా పిసినారిది, 1.3 శాతమే, వచ్చే నవంబరు లెక్క దాంతోనే వేయండి.

రైతులకు ఇదంతా ఎక్కడ వస్తుందనేవాళ్లకు ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే భూగర్భజలాలను చూసుకునే) ప్రాజెక్టు నడిచినప్పుడు వాననూ, నీటిమట్టాన్నీ కొలిచి పంటల నీటి లెక్క వేసింది రైతులే. చేతిరాత పుస్తకాల్లో, ఊరి గోడల మీద.