పెద్ద టైర్లకన్నా ముందు ఆక్సిల్ బ్రీదర్

ట్రక్కును ఆఫ్‌రోడ్‌కు సిద్ధం చేద్దామనుకోగానే మనసు పెద్ద టైర్ల మీదికో, బండి ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ మీదికో పోతుంది. నన్నడిగితే ముందు ఆక్సిల్ బ్రీదర్ సంగతి చూడండి. ఖర్చు చాలా తక్కువ.

ఆక్సిల్ హౌసింగ్ (ఇరుసు, దాని గేర్లు ఉండే ఇనుప గూడు) పైన చిన్న మూతలాంటిది ఉంటుంది, అదే బ్రీదర్. లోపల ఆయిల్ వేడెక్కినప్పుడు గాలి దాని గుండానే బయటికి పోతుంది. అలా కాగిపోయి ఉన్న ఆక్సిల్ ఒక్కసారిగా వాగులో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకి బ్రీదర్ నుంచో, అరిగిన ఆయిల్ సీల్ నుంచో నీళ్లు లోపలికి చేరతాయి. బయటికేమీ తెలియదు, బేరింగులు మాత్రం తుప్పుపట్టి పాడైపోతాయి.

ఆ మూత తీసి, అదే థ్రెడ్‌కు సరిపోయే నాజిల్ బిగించి, ఫ్యూయల్ హోస్ తొడిగి క్లాంప్ వేయండి. పైపును ఇంజన్ బే పైభాగం దాకా తీసుకెళ్లి చివర చిన్న ఫ్యూయల్ ఫిల్టర్ పెడితే దుమ్ము రాదు. ఎగ్జాస్ట్‌కు తగలకుండా కట్టండి. చాసిస్ లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టి, ఆక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడే పొడవు కొలవాలి. బండి నేలమీద ఉండగా కొలిస్తే పెద్ద గుంతలో దిగగానే పైపు ఊడొస్తుంది. గేర్‌బాక్స్‌కూ, ముందు వెనక ఆక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకూ ఇదే పద్ధతి.

నీళ్లు దాటి వచ్చాక, ఆయిల్ చల్లారనిచ్చి, ఆక్సిల్‌కు ఆయిల్ పోసే చోట ఉండే ఫిల్లర్ ప్లగ్ విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చేయండి.