సెకండ్ హ్యాండ్ పిస్తోలు: ఏ లోపం బాగవుతుంది, ఏది కాదు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన తెలుగు కుటుంబాల్లో లైసెన్సు పిస్తోళ్లు అక్కడక్కడా ఉన్నాయి. రైసుమిల్లు డబ్బు, జీడిపప్పు డబ్బు చేత్తో పట్టుకుని తిరిగిన రోజుల్లో కొన్నవి. పెద్దవాళ్లు పోయాక పిల్లలు వాటిని అమ్మకానికి పెడతారు. కొత్తదానికన్నా తక్కువకు వస్తుందని కొనేవారు ముందుకొస్తారు. పాత పిస్తోల్లో కనిపించే లోపాల్లో చాలావరకు చిన్న ఖర్చుతో పోయేవే. కొన్ని మాత్రం ఎంత ఖర్చు పెట్టినా పోవు. ఏది ఏ రకమో తెలియకపోతే మంచి పిస్తోలును వదులుకుని చెడ్డదాన్ని ఇంటికి తెచ్చుకుంటాం.

అసలు పిస్తోలే కావాలా?

పొలంలో పందులు పడుతున్నాయి, ఏనుగులు దిగుతున్నాయి, అందుకే కావాలి అనే రైతులు ఉన్నారు. గజపతి జిల్లా నుంచి శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు ఏనుగుల గుంపులు తిరుగుతున్న మాట నిజమే, ఆ భయమూ నిజమే. కానీ .32 బోరు (గొట్టం లోపలి వెడల్పు) పిస్తోలు తూటా ఏనుగును ఆపదు, గాయపరచి రెచ్చగొడుతుంది. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పంట కాపలాకు ఆయుధ చట్టం సెక్షన్ 13లో ఉన్నది మందు దట్టించే తుపాకీ, పిస్తోలు కాదు. ఏనుగులు వస్తే ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేయాలి. ప్రాణరక్షణ కోసమో, గురి సాధన కోసమో లైసెన్సు వచ్చినవారికే ఈ కింది సంగతులు పనికొస్తాయి.

"ముందు తీసుకెళ్లండి, పేరు తర్వాత మార్చుకుందాం" అంటున్నారు

దీని వెనక సాధారణంగా రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. లైసెన్సు గడువు దాటి ఉండాలి, లేదా లైసెన్సుదారు చనిపోయి ఉండాలి.

లైసెన్సు బతికి ఉంటే దారి సులువు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 5 ప్రకారం ఒక లైసెన్సుదారు తన సొంత వాడకానికి ఉంచుకున్న ఆయుధాన్ని, అర్హత ఉన్న ఇంకొకరికి అమ్ముకోవచ్చు. అయితే ఎవరికి అమ్ముతున్నారో పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకో, దగ్గరి పోలీసు స్టేషను అధికారికో ముందే రాసివ్వాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. ఆ రోజుల్లో పిస్తోలు అమ్మేవారి దగ్గరే ఉండాలి. మీరు బయానా ఇచ్చినా సరే, బావగారిదే అయినా సరే, మీ ఇంటికి రాకూడదు. లైసెన్సు లేకుండా ఆయుధం దగ్గర ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు. ఆ సవరణతోనే ఒకరి దగ్గర ఉండగల ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గాయి. కాబట్టి మీ దగ్గర ఇప్పటికే రెండు ఉంటే బేరం దాకా వెళ్లకండి.

లైసెన్సుదారు పోయి ఉంటే మాత్రం కొడుకు "మా నాన్నగారిదే కదా" అని నేరుగా అమ్మడానికి లేదు. సెక్షన్ 21 కింద ఆయుధాన్ని ఆలస్యం లేకుండా స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. జమ చేశాక వారసులు అర్హత ఉన్నవారికి దాన్ని అమ్మించవచ్చు, డబ్బూ వారికే వస్తుంది. ఈ దారి ఉందని తెలియక పెద్దాయన పోయాక కూడా పిస్తోలును బీరువాలోనే పెట్టుకుని టెన్షన్ పడుతున్న ఇళ్లు ఉన్నాయి. అలాంటి ఇంటివారు కనిపిస్తే ముందు జమ చేసి రసీదు తీసుకోమని చెప్పండి. రసీదు చూశాకే ధర మాట్లాడండి.

ఒక చిన్న విషయం. ఒడిశా వైపు స్టేషనులో ఇచ్చే కాగితం ఇంగ్లీషులోనో, ఒడియాలోనో రాయించండి. తెలుగులో రాస్తే చదివేవారు దొరక్క పక్కన పెట్టే ప్రమాదం ఉంది. చేరినట్టు స్టాంపు వేసిన నకలు తీసుకోవాలి. 45 రోజుల లెక్కకు మీ చేతిలో ఉండే ఆధారం అదే.

లైసెన్సులో నంబరు ఒకటి, పిస్తోలు మీద ఇంకొకటి

తేడా ఒక అక్షరమో, అంకెయో అయితే గుమాస్తా రాసేటప్పుడు దొర్లిన పొరపాటు కావచ్చు. దాన్ని అమ్మేవారే కలెక్టరాఫీసులో సరిచేయించుకోవాలి. మీ పేరు మీదికి వచ్చాక చూద్దాం అనుకోవద్దు, అప్పుడు జవాబు చెప్పాల్సింది మీరవుతారు.

స్లైడ్ (పిస్తోలు పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) మీద ఒక నంబరు, కింది ఫ్రేము మీద ఇంకో నంబరు ఉంటే రెండు పిస్తోళ్ల భాగాలు కలిపి ఉండవచ్చు. కొన్ని కంపెనీలు రెండు చోట్లా నంబరు వేయవు, కాబట్టి ఒక చోట లేకపోవడమే తప్పు కాదు. కానీ ఉన్న నంబరు అరగదీసినట్టు, మళ్లీ గుద్దినట్టు కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. గుర్తింపు గుర్తులు చెరిపిన ఆయుధాన్ని అమ్మడం సెక్షన్ 8 కింద నేరం. వదిలేసి రండి.

మీద 7.65 అని ఉంది, మీ లైసెన్సులో .32 అని ఉంది

ఇది చాలామందిని భయపెడుతుంది, కానీ చాలాసార్లు సమస్యే కాదు. .32 ఏ.సి.పి. (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) తూటాకు యూరప్‌లో పేరు 7.65 మిల్లీమీటర్ల బ్రౌనింగ్. వాల్థర్ పి.పి. లాంటి పాత పిస్తోళ్ల మీద 7.65 అనే చెక్కి ఉంటుంది. అయితే 7.65 పేరుతో వేరే పొడుగు తూటాలు కూడా ఉన్నాయి. పక్కన బ్రౌనింగ్ అనే మాట లేకపోతే డీలరుతో తేల్చుకోవాలి.

9 మిల్లీమీటర్ల పారాబెల్లం అయితే సామాన్యుల లైసెన్సుకు అందని నిషేధిత బోరు. "9" అంకె కనిపించిన ఏ పిస్తోలు విషయంలోనూ మీరే నిర్ణయం తీసుకోకండి. ఇంకో మాట. .32 రివాల్వరు తూటా, .32 పిస్తోలు తూటా ఒకటి కాదు. అమ్మేవారు పిస్తోలుతో పాటు ఉదారంగా ఇచ్చే పాత తూటాల డబ్బాలో ఈ రెండూ కలిసిపోయి ఉండవచ్చు. ఆ డబ్బా తీసుకోకపోవడమే మంచిది. తూటాలు కూడా లైసెన్సు లెక్కలోకే వస్తాయి.

పిస్తోలు చేతికి వచ్చాక

అమ్మేవారి ఎదుటే చూడాలి. డీలరు షాపులో అయితే ఇంకా మేలు. ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీయాలి, ఆ తర్వాత స్లైడ్ వెనక్కి లాగాలి, బ్యారెల్ వెనక గదిలోకి కంటితో చూసి వేలితో తడమాలి. ఈ వరస తారుమారైతే, అంటే మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగి వదిలితే, ఖాళీ చేస్తున్నామనుకుంటూ తూటా ఎక్కించినవాళ్లం అవుతాం. ఖాళీ అని ఎవరు చెప్పినా, మీరు చూసేదాకా ఖాళీ కాదు. చూశాక కూడా మూతి మనుషుల వైపు తిప్పకూడదు.

తూటా సగం ఎక్కి ఆగిపోతోంది

సెమీ ఆటోమేటిక్ పిస్తోలు మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. దీనికి కారణం పిస్తోలులో కాకుండా మ్యాగజైన్‌లో దొరకడమే ఎక్కువ. మ్యాగజైన్ పై అంచులు వంగి ఉంటాయి, లేదా ఏళ్ల తరబడి వాడకం వల్లో, తుప్పు వల్లో లోపలి స్ప్రింగ్ చచ్చి ఉంటుంది. ఇంకో మ్యాగజైన్ పెట్టి చూస్తే తేలిపోతుంది. డమ్మీ తూటాలతోనే చూడాలి, అసలు తూటాలతో ఇంట్లో ఈ పని వద్దు.

.32 ఏ.సి.పి.కి ఎక్కువగా వచ్చే ఇంకో జబ్బు ఉంది. ఆ తూటా అడుగు అంచు కొంచెం బయటికి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ ఒకదానికొకటి పట్టేసి కదలవు. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కిందిదానికి ముందుండేలా చూసుకుంటే చాలావరకు పోతుంది. ఈ ఒక్క కారణానికి మంచి పిస్తోలును పాడైందని చవగ్గా అమ్ముకునేవారున్నారు. కొనేవారికి అది కలిసొచ్చే అవకాశమే, కానీ అమ్మేది తెలిసిన ఇంటివారైతే కారణం చెప్పి న్యాయమైన ధర ఇవ్వండి.

ఇక్కడే విదేశీ పిస్తోళ్ల కష్టం ఎదురవుతుంది. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకు విదేశీ ఆయుధాల దిగుమతి ఆగిపోవడంతో పాత వెబ్లీ, కోల్ట్, వాల్థర్లకు పేరుతో పాటు ధర పెరిగింది. వాటికి అసలు మ్యాగజైన్, పేలిన తూటా డొప్పను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ లాంటి భాగాలు దొరకడం మాత్రం గగనం. ఒకే మ్యాగజైన్ ఉండి అదీ వంగి ఉంటే, ఎంత పేరున్న పిస్తోలైనా నేను కొనను. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .32 పిస్తోలు అశని చూపుకు అంత నాజూకుగా ఉండదు, కానీ విడిభాగం కావాలంటే అడగడానికి దేశంలోనే ఒక చోటు ఉంటుంది. ఇంట్లో రక్షణకు ఉంచుకునేవారు పేరుకన్నా దీన్నే చూడాలి.

ఖాళీ కేసు బయటికి రాకుండా ఇరుక్కుంటోంది

కేసును, అంటే పేలిన తూటా డొప్పను, పట్టి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు అరిగిందో, దాని కింద మట్టి, గట్టిపడ్డ నూనె పేరుకుందో చూడాలి. శుభ్రం చేస్తేనే పోయే సందర్భాలు ఎక్కువ. పాతబడి బలం తగ్గిన తూటాలు స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి తోయలేకపోయినా ఇలాగే అవుతుంది. చేయి మణికట్టు దగ్గర వదులుగా పట్టుకున్నా అవుతుంది.

నొక్కితే టక్కుమంటుంది, పేలదు

ఇలా జరిగినప్పుడు వెంటనే స్లైడ్ లాగకూడదు. మూతిని క్షేమమైన దిక్కుకే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. తర్వాత తూటా తీసి, అడుగున ఫైరింగ్ పిన్ (తూటా అడుగును కొట్టే మొన) చేసిన గుంట చూడండి. గుంట లోతుగా పడి ఉంటే తప్పు తూటాది. మన తీరం చెమ్మలో పాత తూటాలు చెడిపోవడం మామూలే. గుంట పైపైన ఉంటే ఫైరింగ్ పిన్ అరిగి ఉండాలి, లేదా దాని దారిలో మడ్డి నిండి ఉండాలి, లేదా స్ప్రింగ్ నీరసపడి ఉండాలి. ఈ మూడూ లైసెన్సున్న మెకానిక్ దగ్గర బాగయ్యేవే. ఇలాంటి కాల్పు పరీక్ష అనుమతి ఉన్న రేంజిలోనే. ఊరవతల జీడితోటలో ఒక రౌండు కాల్చి చూద్దాం అంటే ఒప్పుకోవద్దు.

సేఫ్టీ వేసినా నమ్మకం కుదరడం లేదు

ఖాళీ పిస్తోలు స్లైడ్ లాగి వదిలి, సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి ట్రిగ్గర్ నొక్కండి, వదలండి. ఇప్పుడు సేఫ్టీ తీయండి. ఆ తీయడంలోనే టక్కుమంటే లోపల సేఫ్టీయో, సియరో (హేమర్‌ను పట్టి ఉంచే గోరు) అరిగినట్టు.

తర్వాత ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని స్లైడ్ లాగి వదలండి. హేమర్ (ఫైరింగ్ పిన్‌ను కొట్టే సుత్తి), లేదా హేమర్ బయటికి కనిపించని పిస్తోలులో లోపలి స్ట్రైకర్, పడిపోకుండా నిలవాలి. ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితేనే పడాలి. నిలవకపోతే ఒక్క నొక్కుకు రెండు మూడు తూటాలు పోయే ప్రమాదం ఉంది. చట్టం దృష్టిలో అది ఆటోమేటిక్, అంటే నిషేధిత ఆయుధం కిందికి వచ్చే ప్రమాదమూ ఉంది. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని ఎవరో ఆకురాయి పెట్టి అరగదీయడమే చాలాసార్లు దీనికి కారణం. లేత్ మిషను వాళ్లో, కమ్మరో సరిచేస్తామంటారు. వారి చేతికి ఇవ్వకండి, ఇచ్చిన పిస్తోలును కొనకండి.

బ్యారెల్‌లో నల్లటి ఉంగరం, స్లైడ్ మీద వెంట్రుక లాంటి గీత

బ్యారెల్ లోపలికి వెలుతురు పట్టి చూస్తే ఒక చోట ఉంగరంలా నీడ కనిపిస్తే, ఎప్పుడో ఒక గుండు లోపల ఇరుక్కుంది, దాని వెనకే ఇంకోటి కాల్చారు. గొట్టం అక్కడ ఉబ్బింది. స్లైడ్‌కు కేసు బయటికి వచ్చే కిటికీ మూలల్లో గీత ఉంటే అది పగులు. .32 పిస్తోళ్లలో ఎక్కువ శాతం స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం మీదే ఆధారపడి పనిచేస్తాయి. స్ప్రింగ్ చచ్చినా మార్చకుండా కాలుస్తూ పోతే స్లైడ్ వెనక్కి కొట్టుకుని కొట్టుకుని పగులుతుంది. స్ప్రింగ్ మార్చవచ్చు, పగులు మాత్రం మాన్పలేరు. ఈ రెండింటిలో ఏది కనిపించినా బేరం ఆపేయండి, ధర సగం చేసినా సరే.

చిన్న చిన్న తుప్పు గుంతలకు అంత కంగారు అక్కర్లేదు. తోలు ఒరలోనే ఏళ్ల తరబడి ఉంచిన పిస్తోలుకు అవి మామూలే, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. నిజానికి తళతళలాడే కొత్త నలుపు, కొత్త నికెల్ పూత కనిపిస్తేనే అనుమానపడాలి. అక్షరాల అంచులు మెత్తబడ్డాయా, నంబరు మసకబారిందా చూడండి.

కొన్నారు, ఇంటికి ఎలా తేవాలి?

పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం పక్క వీధికి వెళ్లినంత సులువు, మధ్యలో మహేంద్రతనయ నది, అంతే. కానీ లైసెన్సు ఒడిశాకే పరిమితమైతే పిస్తోలుతో అటు దాటడమే నేరం. విశాఖ డీలరు దగ్గర కొనేవారికి ఈ చిక్కు తప్పదు. లైసెన్సులో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. ముందు దాన్ని చదివి, రెండో రాష్ట్రం అందులో లేకపోతే అనుమతి తెచ్చుకున్నాకే బయల్దేరండి. ఎన్నికల కోడ్ రోజుల్లో ఆయుధాలు స్టేషనులో జమ చేయమని ఉత్తర్వులు వస్తాయి. 2024లో లాగా రెండు రాష్ట్రాల్లో ఒకేసారి ఎన్నికలు ఉంటే ఆ నెలల్లో కొనుగోలు పెట్టుకోకపోవడమే నయం. దారిలో పిస్తోలు ఖాళీగా, తూటాలు వేరే సంచిలో, లైసెన్సు అసలు ప్రతి, డీలరు బిల్లు చేతికందేలా ఉండాలి. ఇంటికి చేరాక పిస్తోలు నంబరు లైసెన్సులో ఎక్కించుకోవడానికి కలెక్టరాఫీసుకు వెళ్లాలి.