కారుకి ఎదురుగాలి ఎంత బరువు? కొలిచి తగ్గించే పద్ధతి

ఊళ్లో 40 మీద తిరిగే కారుకి గాలి సంగతి పట్టించుకోనక్కర్లేదు. అక్కడ పెట్రోలు తాగేవి సిగ్నళ్లూ, బ్రేకులూ. 1,100 కిలోల హ్యాచ్‌బ్యాక్‌ 60 దాటిందంటే మాత్రం టైర్ల రాపిడి కంటే గాలి అడ్డే ఎక్కువ. గాలిని తోసుకుపోవడానికే 80లో సుమారు 6 హార్స్‌పవర్ పడితే, 100లో 12, 120లో 20 పడుతుంది. అందుకే స్పాయిలర్ (కారు వెనక బిగించే రెక్క) కొనేముందు 110 నుంచి 90కి దిగండి. డబ్బులిచ్చి బిగించుకునేవి చాలావరకు అందానికే.

తర్వాత పైకప్పు. ఖాళీ క్యారియర్ విప్పి ఇంట్లో పెట్టండి. సామాను ముందు డిక్కీలోకే వెళ్లాలి. పైన కట్టక తప్పకపోతే సంచులు పడుకోబెట్టి, టార్పాలిన్ బిర్రుగా లాగి కట్టండి. పటపట కొట్టుకునే పట్టా గాలిని పట్టేస్తుంది, తాడునీ కోసేస్తుంది.

సర్వీసింగ్ నుంచి బండి రాగానే వంగి ఇంజన్ కింది ప్లాస్టిక్ కవర్ చూడండి. ముందు వరస క్లిప్పులు రెండు లేకపోతే కవర్ అంచు చేటలా కిందికి జారుతుంది, 90 దాటగానే దడదడమంటుంది, చివరికి చిరిగి రోడ్డుకి రాసుకుంటుంది. అదే సైజు క్లిప్పులు వేయించండి. ఎగ్జాస్ట్ పక్కన ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగిస్తే వేడికి కరిగిపోతుంది.

అద్దాలు 60 లోపు దించుకోవచ్చు, 80 పైన ఎత్తేసి ఏసీ వేయడమే నయం. గ్రిల్‌కి అట్ట అడ్డం పెట్టే చిట్కా చలిదేశాలది. మన ఎండల్లో ఇంజన్ వేడెక్కి కూర్చుంటుంది.

ఫలితం కొలవాలంటే వెనకా ముందూ బండ్లు లేని, చదునైన తిన్నటి రోడ్డు కావాలి. టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి నింపి, పావుగంట నడిపి, 85కి తీసుకెళ్లి న్యూట్రల్ చేయండి. ఇంజన్ ఆపొద్దు, బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగ్ కూడా బిగుసుకుంటుంది. 80 నుంచి 60కి పడటానికి ఎన్ని సెకన్లో పక్కనున్నవాళ్లు ఫోన్‌లో చూడాలి. పోను, రాను మూడేసి సార్లు చేసి సగటు తీయండి. పైన చెప్పిన 1,100 కిలోల బండికి 22, 23 సెకన్లు రావాలి. క్యారియర్ విప్పాక సెకను, రెండు సెకన్లు పెరిగితే ఆ తేడా గాలిదే. మరీ 15 సెకన్లకి పడిపోతే గాలిని తిట్టకండి. బండి ఆపి చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి: ఒక్క చక్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది.