ట్రాకర్ పట్టీ చెమటకి జారుతోందా?

వీఆర్ ఆటల్లో (కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడేవి) కాళ్ల కదలిక పసిగట్టడం కోసం తొడలకి కట్టుకునే ట్రాకర్లు మా అమలాపురం ఉక్కపోతకి పది నిమిషాల్లో జారిపోతున్నాయి. పట్టీ రెండు వేళ్ల మేర పక్కకి తిరిగితే చాలు, తెర మీద మన బొమ్మ మోకాలు వంకరపోతుంది.

మందుల షాపులో 10 సెంటీమీటర్ల వెడల్పు క్రేప్ బ్యాండేజీ తీసుకోండి. మోకాలి చిప్పకి నాలుగు వేళ్లు పైన రెండు చుట్లు చుట్టి, దాని మీద ట్రాకర్ పట్టీ బిగించండి. నూలు చెమట పీల్చుకుంటుంది, గరుకుగా ఉంటుంది కాబట్టి పట్టీ కదలదు. చుట్టు కింద ఒక వేలు దూరాలి. కాలు తిమ్మిరెక్కితే వెంటనే వదులు చేయండి. బ్యాండేజీ రోజూ ఉతికి ఆరేయాలి, లేకపోతే దురద ఖాయం.

ఇంకోటి, కట్టుకునే ముందు ట్రాకర్లు ఆన్ చేసి గచ్చు మీద 10 సెకన్లు కదపకుండా ఉంచండి. లోపల ఉండే గైరో సెన్సర్ (ట్రాకర్ ఎటు తిరుగుతోందో కొలిచేది) సరిచూసుకునేది అప్పుడే. మంచం మీద వద్దు, పక్కన ఎవరు కూర్చున్నా ఊగుతుంది. తర్వాత కట్టుకుని, నిటారుగా నిలబడి రీసెట్ నొక్కండి.

ఇది జారుడుకి మాత్రమే పనిచేస్తుంది. పట్టీ కదలకుండానే బొమ్మ మెల్లగా పక్కకి తిరిగిపోతుంటే అది గైరో డ్రిఫ్ట్, అంటే సెన్సర్ లెక్కే కొద్దికొద్దిగా తప్పడం, ఎంత బిగించినా తగ్గదు. ఆట మధ్యలో మళ్లీ రీసెట్ చేసుకోవాల్సిందే.