డాట్ మ్యాట్రిక్స్‌లో గీతల బదులు అక్షరాలు వస్తుంటే

మా మామయ్య కొట్లో ఇంకా విండోస్‌కి ముందుకాలం నాటి డాస్ బిల్లింగ్ ప్రోగ్రామే, దానికో 9 పిన్నుల పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. స్క్రీన్ మీద బిల్లు చుట్టూ డబ్బా గీతలు చక్కగా కనబడతాయి, కాగితం మీదకొచ్చేసరికి అడ్డగీత పొడుగునా వాలుగా ఉన్న ‘డి’లు, నిలువు గీత చోట వాలు 3లు.

ప్రింటర్‌కి ప్రతి అక్షరం, గీతా ఒక నంబరుగా, అంటే కోడ్‌గా వెళ్తుంది. అడ్డగీత కోడ్ 196. అందులోంచి 128 తీసేస్తే 68, అంటే ఇంగ్లిష్ ‘డి’. ప్రింటర్ ఇటాలిక్ టేబుల్‌లో, అంటే 128 దాటిన కోడ్లకి గీతల బదులు వాలు అక్షరాలు వేసే పట్టికలో ఉందన్నమాట. ఎప్సన్ కంపెనీ ప్రింటర్ ఆదేశాల కోడ్లు అర్థమయ్యే ప్రింటరైతే 27, 116, 1 పంపితే డబ్బా గీతలుండే గ్రాఫిక్స్ టేబుల్‌కి మారాలి. పంపినా అదే గోల! చూస్తే ప్రోగ్రామ్ ప్రతి బిల్లు ముందూ 27, 64 పంపి ప్రింటర్‌ని రీసెట్ చేస్తోంది, మనం పెట్టింది అక్కడే ఎగిరిపోతోంది. ప్రింటర్ సెటప్‌లో ఆ 64 వెనకాలే 27, 116, 1 చేర్చాను, డబ్బాలు వచ్చేశాయి. నిలువు గీత వరసవరసకీ తెగుతుంటే 27, 48 కూడా తగిలించాను, లైన్ స్పేసింగ్ 1/8 అంగుళానికి తగ్గి గీత అతుక్కుంది.

రూపాయి గుర్తు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అది వచ్చిందే 2010లో, ఈ గ్రాఫిక్స్ టేబుల్‌లో ఉండే 437 కోడ్ పేజీ (ఏ కోడ్‌కి ఏ గుర్తో చెప్పే పట్టిక) అంతకన్నా చాలా పాతది. 158లో స్పెయిన్ వాళ్ల పాత కరెన్సీ పెసెటా గుర్తు ఉంది గానీ మనది లేదు, ఇంగ్లిష్‌లో ఆర్, ఎస్ కొట్టుకోవడమే.